క్యారవాన్ ప్లగ్గు కాలుతోంది, ఎంసీబీ పడుతోంది: 32 వేసే ముందు ఇది చదవండి

తమ్ముడూ, మీరు రాసిందాంట్లో అన్నిటికంటే పెద్ద విషయాన్ని మాటవరసకు చెప్పినట్టు మధ్యలో ఒక్క ముక్కలో చెప్పి వదిలేశారు. ముందు దాని సంగతి చూద్దాం. ప్లగ్గు వేడి, ఎంసీబీ గోల ఆ తర్వాత.

మీ కథ క్లుప్తంగా ఇది. బావమరిదితో కలిసి సెకండ్‌హ్యాండ్‌లో ఒక టెంపో ట్రావెలర్ కొన్నారు, అప్పటికే ఎవరో దాన్ని క్యారవాన్‌గా మార్చి పెట్టారు. లోపల 1 టన్ను ఏసీ, ఇండక్షన్ పొయ్యి, చిన్న ఫ్రిజ్, 2000 వాట్ల గీజర్, 150 ఏహెచ్ బ్యాటరీతో ఇన్వర్టర్ ఉన్నాయి. పరకాలలో అత్తగారింటి ముందు ఆపి, 25 మీటర్ల ఎక్స్‌టెన్షన్ వేసి కరెంటు ఇస్తే, 20-25 నిమిషాలకు ఇంటి ఎంసీబీ, అంటే కరెంటు ఎక్కువైతే దానంతట అదే ఆగిపోయే బోర్డు స్విచ్, పడిపోతోంది. ప్లగ్ టాప్ ముట్టుకోలేనంత వేడి, ఒక పిన్ను నల్లబడింది. అదే బండి హన్మకొండలో మీ అపార్ట్‌మెంట్ కింద పెడితే ఒక్కోసారి ప్లగ్గు పెట్టీ పెట్టగానే కరెంటు పోతోంది, ఒక్కోసారి గంటసేపు ఏ లొల్లీ లేకుండా నడుస్తోంది. తెలిసిన ఎలక్ట్రీషియన్ 16 ఆంప్స్ ఎంసీబీ తీసి 32 ఆంప్స్‌ది వేస్తే సరిపోతుందన్నాడు. వెయ్యొచ్చా అని మీ ప్రశ్న. ఈ మధ్యలో రాశారు చూడండి, "వాన పడి నేల తడిగా ఉండె, అత్తమ్మ మెట్టెక్కుతూ రాడ్ పట్టుకుంటే చెయ్యి జివ్వుమన్నదట" అని.

ఈ సమాధానం పూర్తిగా చదవకపోయినా ఫర్వాలేదు, ముందు వెళ్లి ఆ ప్లగ్గు పీకెయ్యండి. మళ్లీ నేను చెప్పే పరీక్షలు అయ్యేదాకా బండికి బయటి కరెంటు ఇవ్వొద్దు. పిల్లలు ఆ చుట్టుపక్కల ఆడుకుంటుంటే అసలే వద్దు.

ఎందుకంటే, బండి మొత్తం ఇనుప డబ్బా. కింద నాలుగు వైపులా రబ్బరు టైర్లు. లోపల ఏదైనా వైరు, గీజర్ కాయిల్, చార్జర్ కొద్దిగా లీకైనా ఆ కరెంటు భూమిలోకి పోయే దారి ఒక్కటే, మీ ప్లగ్గులోని మూడో పిన్ను, అంటే ఎర్త్. ఆ దారి బాగుంటే బాడీ మీద వోల్టేజీ నిలవదు, ఎవరికీ జివ్వుమనదు. జివ్వుమందంటే ఆ దారి ఎక్కడో తెగింది. ఇది అనుమానం కాదు, రుజువు. ఎక్స్‌టెన్షన్‌లో ఎర్త్ వైరు ఊడి ఉండొచ్చు, పాత ఇల్లు కాబట్టి ఆ సాకెట్‌కు అసలు ఎర్తే లేకపోవచ్చు. బండిలో ఉన్నవాళ్లకు ఏమీ తెలియదు, వాళ్ల కాళ్లూ చేతులూ అన్నీ ఆ డబ్బా మీదే ఉంటాయి కాబట్టి. ఒక కాలు తడి నేల మీద, ఒక చెయ్యి రాడ్ మీద ఉన్న మనిషికే తెలుస్తుంది. మీ అత్తమ్మ చెప్పులు వేసుకుని ఉన్నారో లేదో మీరు రాయలేదు. వేసుకునే ఉంటారనుకుంటున్నా, ఆమె అదృష్టం.

ఇప్పుడు అపార్ట్‌మెంట్ సంగతి. "అక్కడే ప్రాబ్లం ఎక్కువ" అని రాశారు. నాకు కనిపిస్తున్నది తలకిందులుగా ఉంది. కొత్త అపార్ట్‌మెంట్లలో మెయిన్ ఎంసీబీతో పాటు ఆర్‌సీసీబీ అని ఒకటి ఉంటుంది. దాని మీద టీ అనే అక్షరంతో చిన్న బటన్ ఉంటుంది, దాన్ని బట్టి గుర్తుపట్టొచ్చు. ఫేజ్‌లో వెళ్లిన కరెంటు మొత్తం న్యూట్రల్‌లో తిరిగి వచ్చిందా లేదా అన్నదే దాని లెక్క. తేడా 30 మిల్లీ ఆంప్స్‌కు చేరితే పడిపోతుంది, చాలావరకు అంతకంటే ముందే పడుతుంది. పరకాలలో ఆ పాత ఇంట్లో అది ఉండకపోవచ్చు, అందుకే అక్కడ ఈ లీకేజీని పట్టించుకున్న దిక్కు లేదు. మీ అపార్ట్‌మెంట్‌లో పడుతున్నది ఎంసీబీనా, ఆ బటన్ ఉన్నదా అన్నది మొదట చూడండి. అది ఆర్‌సీసీబీ అయితే అక్కడ ఏ లోపమూ లేదు. ఆ ఒక్కటే తన పని తాను చేస్తోంది.

"కరెంటు పోయింది", "ట్రిప్ అయింది" అని మనం అన్నిటినీ ఒకే మాటతో అనేస్తాం గాని, పడటంలో మూడు రకాలుంటాయి. స్విచ్ వేసిన క్షణంలోనే ఠప్పున ఎంసీబీ పడితే అది షార్ట్ సర్క్యూట్, లేదా ఏసీ కంప్రెసర్ స్టార్టింగ్‌లో లాగిన ఒక్కసారి దెబ్బ. చాలాసేపు నడిచి, తీరిగ్గా పడితే అది ఓవర్‌లోడ్. ఆర్‌సీసీబీ పడితే లీకేజీ. మీకు మొదటి రకం ఉన్నట్టు లేదు. పరకాలలో రెండోది, హన్మకొండలో బహుశా మూడోది. ఒకే బండి, రెండు వేరే జబ్బులు. ప్లగ్గు నల్లబడటం మూడో జబ్బు. మూడింటికీ ఒకటే మందు, అది 32 ఎంసీబీ అంటే నేనెలా ఒప్పుకోవాలి?

ఓవర్‌లోడ్ లెక్క కాగితం మీద వేసి చూడండి. మన దగ్గర 230 వోల్టులు. ఇండక్షన్ ఫుల్ మీద పెడితే 2000 వాట్లు, అంటే 8.7 ఆంప్స్. 1 టన్ను ఏసీ మామూలుగా ఐదారు ఆంప్స్. బ్యాటరీ దిగిపోయి ఉంటే ఇన్వర్టర్ చార్జింగ్‌కు ఒకటిన్నర, రెండు. ఫ్రిజ్, లైట్లు, ఫ్యాన్లు కలిపి ఒకటి. ఇదే 17 దాటింది. దానిమీద ఎవరైనా స్నానానికని గీజర్ వేస్తే ఇంకో 8.7, మొత్తం 26. 16 ఆంప్స్ ఎంసీబీకి ప్రమాణం ఏమిటంటే 1.13 రెట్ల దాకా, అంటే 18 ఆంప్స్ దాకా గంటలోపు పడకూడదు, 1.45 రెట్లు, అంటే 23 ఆంప్స్ వస్తే గంటలోపు పడి తీరాలి. 26 దగ్గర మీరు చెప్పిన 20-25 నిమిషాలేమిటి, ఇంకా ముందే పడొచ్చు. పైగా ఆ 1.13, 1.45 లెక్కలు 30 డిగ్రీల వేడిలో పరీక్షించినవి. మన వరంగల్ ఎండల్లో, పడమటి గోడకు బిగించిన ఇనుప డబ్బాలో 30 ఎక్కడిది? ఎంసీబీ లోపల వేడికి వంగే రెండు లోహాల పట్టీ ఒకటి ఉంటుంది, అది వంగితేనే పడుతుంది. చుట్టూ అప్పటికే వేడిగా ఉంటే అది సగం వంగే ఉంటుంది. అందుకే చలికాలం నడిచిన లోడ్ మే నెలలో నడవదు. ఎంసీబీ చెడిపోయిందనుకుని మార్చేస్తారు, కొత్తదీ అలాగే పడుతుంది.

ఇంకో కిటుకు కూడా ఉంది. ఎంసీబీ కిందో పైనో వైరు బిగించిన స్క్రూ లూజుగా ఉంటే అక్కడ వేడి పుట్టి, రాగి గుండా లోపలికి పాకి, ఆ పట్టీని వంచుతుంది. లోడ్ పదకొండు పన్నెండు ఆంప్సే ఉన్నా పడిపోతుంది. కాబట్టి పరకాలలో మెయిన్ ఆపి, నిజంగా ఆగిందో లేదో చూసుకుని, ఆ ఎంసీబీ స్క్రూలు రెండూ బిగించి చూడండి. సగం కేసులు అక్కడే తేలతాయని చెప్పను గాని, నేను స్క్రూడ్రైవర్ తప్ప ఏమీ వాడకుండా ఇంటికొచ్చిన రోజులు చాలా ఉన్నాయి.

ఇప్పుడు ప్లగ్గు దగ్గరికి వద్దాం, నాకు బాగా తెలిసిన సంగతి ఇదే. కాజీపేట చుట్టుపక్కల 28 ఏళ్లుగా ఇళ్లకు, ఫంక్షన్ హాళ్లకు వైరింగ్ చేస్తున్నా. మొబైల్ క్యాంటీన్లు, షూటింగ్ క్యారవాన్‌లు కూడా చేశాను. కాలిన ప్లగ్గులు ఒక డబ్బాలో దాచి పెట్టుకునేవాణ్ని, ఎవరైనా "ఏం కాదులే అన్నా" అంటే తీసి చూపించడానికి.

ఎంసీబీకి తెలిసింది ఒక్కటే, ఎన్ని ఆంప్స్ పోతున్నాయన్నది. 10 మీటర్ల అవతల మీ ప్లగ్గు పిన్ను ఎంత కాలుతోందో దానికి తెలియదు. లూజు కనెక్షన్ దగ్గర కరెంటు పెరగదు, కరెంటు అంతే ఉంటుంది, అడ్డు మాత్రం పెరుగుతుంది. ఆ అడ్డు ఒక్క ఓమ్‌లో పదో వంతే అనుకోండి. 16 ఆంప్స్ దాని గుండా పోతే 16ను 16తో గుణించి, మళ్లీ 0.1తో గుణిస్తే 25.6 వాట్లు. టీవీ రిపేరు షాపుల్లో సీసం కరిగించే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లదే. అంటే మీ ప్లగ్గులో ఒక సోల్డరింగ్ ఐరన్ పెట్టి గంటల తరబడి ఆన్‌లో ఉంచినట్టు. వేడికి సాకెట్ లోపలి ఇత్తడి స్ప్రింగు మెత్తబడి పట్టు వదులుతుంది, పట్టు వదిలితే అడ్డు ఇంకా పెరుగుతుంది, వేడి ఇంకా పెరుగుతుంది. ఇది దానంతట అది తగ్గే జబ్బు కాదు. దీని మొదటి గుర్తు మంట కాదు, వాసన. బోర్డుల ప్లాస్టిక్, బేకలైట్ వేడెక్కితే చాలాసార్లు ఎండుచేపల వాసన వస్తుంది. శాకాహారుల ఇంట్లో చేపల వాసనేంటని అటకలన్నీ వెతికించి, చివరికి గీజర్ ప్లగ్గు చూపించిన సందర్భం నాకుంది.

ఆ ప్లగ్ టాప్‌ను విప్పండి, కరెంటు నుంచి పూర్తిగా తీసేశాకే. నల్లబడింది ఏ పిన్నో చూడండి. రెండు పిన్నులూ ఒకేలా వేడెక్కి ఉంటే లోడ్ ఎక్కువ అని అర్థం, లేదా సాకెట్ మొత్తం అరిగిపోయింది. ఒక్క పిన్నే నల్లబడితే లూజు ఆ ఒక్క వైపే ఉంది. మీరు రాసింది ఒక్క పిన్ను. అప్పుడు చూడాల్సింది రెండు చోట్ల. ప్లగ్గు లోపల వైరు బిగించిన స్క్రూ దగ్గర రాగి పోగులు ఊదా రంగుకో నల్లగానో మారి, పైన తొడుగు మాడిన అప్పడంలా పెళుసుగా ఉంటే వేడి లోపలే పుట్టింది. లోపల రాగి ఎర్రగా మెరుస్తూ, పిన్ను కొన మాత్రమే నల్లగా గుంటలు పడి ఉంటే తప్పు సాకెట్‌ది. ఈ తేడా చూడకుండా ప్లగ్గు ఒక్కటే మార్చేవాళ్లు వారం తిరక్కుండా మళ్లీ వస్తారు. కాలిన సాకెట్ కొత్త ప్లగ్గును పాడు చేస్తుంది, కాలిన ప్లగ్గు కొత్త సాకెట్‌ను పాడు చేస్తుంది. రెండూ ఒకేసారి మార్చాలి. వైరును కూడా మెరిసే రాగి కనబడేదాకా, రెండు మూడు అంగుళాలైనా సరే, కత్తిరించి పారేయాలి. మాడిన రాగిని ఎంత బిగించినా పట్టు రాదు.

బిగించేటప్పుడు ఒక పొరపాటు అందరూ చేస్తారు. ఫ్లెక్సిబుల్ వైరులో సన్నటి పోగులుంటాయి, అవన్నీ రంధ్రంలోకి పోకపోతే నాలుగు పోగులు కత్తిరించేస్తారు. 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు అక్కడ అంతకంటే సన్నం అయిపోయింది, పేరుకు మాత్రం 2.5. ఇంకొందరు కొసకు సీసం పూసి బిగిస్తారు, చూడ్డానికి అందంగా ఉంటుంది. సీసం మెత్తన, స్క్రూ నొక్కుడుకు రోజులు గడిచే కొద్దీ అణిగిపోయి లూజవుతుంది. పిన్ను టైపు లగ్గు, అంటే వైరు కొసకు తొడిగే చిన్న లోహపు తొడుగు, వేసి గట్టిగా నొక్కి (క్రింప్ చేసి) బిగించండి. లగ్గు ఖరీదు టీకి అయ్యేదాని కంటే తక్కువే.

ఇక ఆ 25 మీటర్ల ఎక్స్‌టెన్షన్. దాని మీద ఎంత రాసి ఉందో మీరు చెప్పలేదు. మార్కెట్‌లో రీలు మీద చుట్టి దొరికేవాటిలో చాలావాటికి 1 చదరపు మిల్లీమీటర్ వైరే ఉంటుంది, ఒక్కోసారి అంతకంటే సన్నం. 1 చ.మి.మీ. రాగి వైరుకు కిలోమీటర్‌కు సుమారు 19.5 ఓమ్‌లు. 25 మీటర్లు పోను, 25 రాను, 50 మీటర్లకు దాదాపు 1 ఓమ్. 16 ఆంప్స్ పోతే 16 వోల్టులు దారిలోనే పోయాయి, 250 వాట్లు వైరులోనే వేడిగా మారాయి. వైరు నేల మీద పరుచుకుని ఉంటే ఆ వేడి గాలిలో కలుస్తుంది. మీరు 10 మీటర్లు విప్పి మిగతా 15 మీటర్లు రీలుకే ఉంచితే? ఆ వేడంతా చుట్టలోనే మగ్గుతుంది. చుట్ట లోపలి వరసలు ఒకదానికొకటి అతుక్కుపోయి ముద్ద అయిన రీలు ఒకటి నా డబ్బా పక్కనే ఉండేది. ఎక్స్‌టెన్షన్ ఎంత అవసరమైనా సరే, పూర్తిగా విప్పి వాడాలి. మీ లోడ్‌కు 2.5 చ.మి.మీ. మూడు కోర్ల వైరు కనీసం, 20 మీటర్లు దాటితే 4 వేయండి. ధర చూసి గుండె జారుతుంది, తెలుసు. బండి ధరతో పోల్చుకోండి.

నిజంగా లోపం ఎక్కడుందో పట్టుకోవడానికి ఒక పరీక్ష ఉంది. దీనికి మల్టీమీటర్ చాలు, చేతిలో అలవాటు ఉన్న మనిషి కావాలి. లీకేజీ సంగతి తేలి, ఎర్త్ సరిచేశాకే చేయండి. బండి లోపల సాకెట్‌లో మీటర్ పెట్టి, లోడ్ ఏమీ లేకుండా వోల్టేజీ చూడండి. 228 ఉందనుకుందాం. ఇప్పుడు ఇండక్షన్ మీద నీళ్ల గిన్నె పెట్టి ఫుల్ చేయండి. 204కు పడిందనుకోండి. 24 వోల్టులు ఎక్కడో పోయాయి. వెంటనే ఇంటి మెయిన్ బోర్డు దగ్గర చూడండి, అక్కడ 224 ఉంటే సర్వీసు వైరులో పోయింది 4 మాత్రమే. ఎక్స్‌టెన్షన్ పెట్టిన సాకెట్ పక్కనున్న ప్లగ్ పాయింట్‌లో చూస్తే 221. అంటే మిగతా 17 వోల్టులు ప్లగ్గుకూ బండికీ మధ్య పోతున్నాయి. ఆ లోడ్‌కు 1 చ.మి.మీ. వైరు తినేది 8, 9 వోల్టులు. ఇంకో 8 వోల్టులు జాయింట్లలో తగలబడుతున్నాయి, దాదాపు 70 వాట్లు. ఆ జాయింట్ చెయ్యి దగ్గర పెడితేనే తెలుస్తుంది. ఇలా మెట్టు మెట్టుగా వెనక్కి వెళ్తే దొంగ దొరుకుతాడు. వోల్టేజీ తగ్గితే నష్టం వెలుతురు తగ్గడంతో ఆగదు, పాత రకం ఏసీ కంప్రెసర్ తక్కువ వోల్టేజీలో ఇంకా ఎక్కువ ఆంప్స్ లాగుతుంది, ప్లగ్గు ఇంకా కాలుతుంది. ఊళ్లలో సాయంత్రం మోటార్లు నడిచే టైమ్‌లో ఇది స్పష్టంగా కనిపిస్తుంది.

లీకేజీ పట్టుకోవడం కొంచెం ఓపిక పని. బండిని అన్ని ప్లగ్గుల నుంచి విడదీసి, ఇన్వర్టర్ కూడా ఆపి, దాని బ్యాటరీ వైరు తీసి, మీటర్‌ను కంటిన్యుటీలో, అంటే రెండు కొనలు కలిస్తే కూత పెట్టే సెట్టింగ్‌లో పెట్టి, బండి ప్లగ్గు మూడు పిన్నుల మీద చూడండి. న్యూట్రల్ పిన్నుకు, ఎర్త్ పిన్నుకు మధ్య మీటర్ కూత పెట్టకూడదు. పెట్టిందంటే బండి లోపల ఎక్కడో న్యూట్రల్, ఎర్త్ కలిసిపోయాయి. మార్పులు చేసిన బండ్లలో ఇది చాలా మామూలు. బండి 12 వోల్టుల వైరింగ్‌లో బాడీనే నెగటివ్, ఆ అలవాటులో 230 న్యూట్రల్‌ను కూడా బాడీకి కొట్టేస్తారు కొందరు మెకానిక్‌లు. "ఒక్కోసారి పడుతుంది, ఒక్కోసారి పడదు" అన్నదానికి ఇదే సరిపోతుంది. న్యూట్రల్, ఎర్త్ కలిసి ఉంటే, ఇంట్లో ఆ టైమ్‌లో నడుస్తున్న లోడ్‌ను బట్టి కొంత కరెంటు ఎర్త్ దారిన తప్పిపోతుంది. ఇంట్లో ఏమీ నడవకపోతే తప్పిపోవడానికి కరెంటే లేదు, ఆర్‌సీసీబీ నిలబడుతుంది. మీ ఆవిడ పైన మిక్సీ వేసిందంటే కింద బండి పెట్టిన మీరు దోషి అవుతారు.

ఇదే లోపంతో పరకాలలో ఏం జరగొచ్చో ఊహించండి. అక్కడి పాత సాకెట్‌లో ఫేజ్, న్యూట్రల్ తారుమారుగా ఉండి, ఎర్త్ తెగి ఉంటే, బండి బాడీ మొత్తం నేరుగా ఫేజే. అప్పుడు జివ్వుమనడంతో పోదు. మీ అత్తమ్మకు తగిలింది ఆ రకం కాదనే అనుకుంటున్నా, ఇండక్షన్, చార్జర్ లాంటివాటి ఫిల్టర్ల నుంచి వచ్చే చిన్న లీకేజీయో, పాతబడిన గీజర్ కాయిలో అయ్యుంటుంది. అయినా ఆ సాకెట్‌ను పరీక్షించకుండా మళ్లీ వాడొద్దు.

కూత ఎక్కడి నుంచో కనిపెట్టాలంటే ఎంసీబీలు ఒక్కొక్కటే ఆపితే లాభం లేదు. సింగిల్ పోల్ ఎంసీబీ ఫేజ్‌నే తెంపుతుంది, న్యూట్రల్ అలాగే కలిసి ఉంటుంది. బండి డీబీలో, అంటే ఎంసీబీలన్నీ ఉండే డబ్బాలో, న్యూట్రల్ వైర్లన్నీ ఒక ఇత్తడి పట్టీకి బిగించి ఉంటాయి. ప్లగ్గు బయట పెట్టుకుని, ఒక్కో న్యూట్రల్ వైరూ విప్పుతూ మీటర్ చూడండి. ఏది తీసినప్పుడు కూత ఆగిందో ఆ సర్క్యూట్‌లోనే దొంగ. కూత లేకపోయినా ఆర్‌సీసీబీ పడుతుంటే 500 వోల్టుల మెగ్గర్ (వైరు తొడుగుల్లో లీకేజీని పరీక్షించే మీటర్) పెట్టాలి, మామూలు మీటర్ తొమ్మిది వోల్టుల బ్యాటరీతో చూస్తుంది, తడిసిన గీజర్ కాయిల్ దానికి దొరకదు. నేనైతే మొదట గీజర్ ప్లగ్గు తీసేసి రెండు రోజులు చూస్తా. మన బోరు నీళ్ల ఉప్పుకు కాయిల్స్ తొందరగా పోతాయి. ఇన్వర్టర్ కనెక్షన్ కూడా చూపించండి. ఫేజ్ ఒక ఆర్‌సీసీబీ వెనక నుంచి, న్యూట్రల్ ఇంకో చోటు నుంచి తీసుకుని ఉంటే ఏ లోపం లేకపోయినా పడుతూనే ఉంటుంది.

32 ఎంసీబీ మాటకు వస్తే, ఆ సలహా ఇచ్చినాయన్ను తప్పుపట్టను. నేనూ ఆ పని చేశాను. పనిలో చేరిన కొత్తలో, కిట్‌క్యాట్ ఫ్యూజులున్న రోజుల్లో, ఒక కూల్‌డ్రింకుల షాపులో ఫ్యూజు మాటిమాటికీ పోతోందని ఓనరు విసుక్కుంటే వైరు రెండు పేటలు చేసి కట్టి వచ్చా. ఫ్యూజు మళ్లీ పోలేదు. మూడో రోజు ఫ్రీజర్ ప్లగ్గు బోర్డులో కరిగి గోడకు అంటుకుపోయింది. వెనక ఉన్న థర్మకోల్ షీట్ కాలింది, షాపు మిగిలింది. ఎంసీబీ ఉన్నది మీ ఏసీని కాపాడటానికి కాదు, గోడలోని వైరును కాపాడటానికి. గోడలో 2.5 వైరు, 16 ఆంప్స్ సాకెట్ ఉండగా 32 వేస్తే, ఇక ఆ లైన్‌లో ముందు కాలేది ప్లగ్గే. 32 కావాలంటే మెయిన్ నుంచి వేరుగా 6 చ.మి.మీ. వైరు లాగి, నీలం రంగు ఇండస్ట్రియల్ సాకెట్, 32 ఆంప్స్ మూడు పిన్నులది, వేయించుకోవాలి. గుండ్రంగా, మూతతో ఉండేది. ఇంటి శాంక్షన్డ్ లోడ్, అంటే కరెంటోళ్లు ఆ ఇంటికి మంజూరు చేసిన కిలోవాట్లు, సరిపోతుందో లేదో కూడా చూసుకోవాలి, అత్తగారిది 1 కిలోవాట్ కనెక్షన్ అయితే ముందు దాన్ని పెంచమని దరఖాస్తు పెట్టాలి.

అమెరికా వాళ్ల ఆర్‌వీ వీడియోలు చూసి 30 ఆంప్స్ ప్లగ్గు తెప్పించాలా అని కూడా అడిగారు. వద్దు. వాళ్ల 30 ఆంప్స్ 120 వోల్టుల మీద, అంటే 3600 వాట్లు. మన 16 ఆంప్స్ 230 మీద 3680. పని రెండూ ఒకటే. అదే పనికి వాళ్ల ప్లగ్గులో దాదాపు రెట్టింపు ఆంప్స్ పోతాయి కాబట్టి అదే లూజుకు మూడున్నర రెట్లకు పైగా వేడి, అందుకే ప్లగ్గులు కరిగిన వీడియోలు అక్కడ అన్ని కనిపిస్తాయి. వాళ్లు వైర్లు ఎలా బిగించాలో చెప్పేది వినండి, సామాను మాత్రం ఇక్కడే కొనండి.

మీ బండికి నేనైతే ఇలా చేస్తా. బయటి వైపు నీలం ఇన్‌లెట్, దాని వెంటనే డబుల్ పోల్ 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ, ఆ తర్వాత ఏసీకి 16 సీ కర్వ్ ఎంసీబీ (స్టార్టింగ్ దెబ్బకు తట్టుకునే రకం), ఇండక్షన్‌కు 16, గీజర్‌కు 16, లైట్లకు 6. ఇండక్షన్, గీజర్ రెండూ ఒకేసారి పనిచేయకుండా మధ్యలో ఒక చేంజోవర్ స్విచ్. ఇంట్లో చెప్పి ఒప్పించడం కంటే స్విచ్ పెట్టడం తేలిక. మామూలు 16 ఆంప్స్ సాకెట్ నుంచి తీసుకున్నంత కాలం గంటల తరబడి 12, 13 ఆంప్స్ దాటనివ్వొద్దు. అంటే ఏసీ నడుస్తుంటే ఇండక్షన్ సగం మీదే. డీబీ పక్కన వోల్టులు, ఆంప్స్ చూపించే చిన్న డిజిటల్ మీటర్ ఒకటి బిగించండి, అందరూ దాన్ని చూస్తూ వాళ్లంతట వాళ్లే సర్దుకుంటారు. బండి గతుకుల్లో తిరుగుతుంది కాబట్టి మూడు నెలలకోసారి అన్ని స్క్రూలూ బిగించాలి, ఇంట్లో వైరింగ్‌కు ఈ బాధ లేదు. ములుగు దాటి తాడ్వాయి వైపు ఒక్కసారి పోయి వస్తే స్క్రూలు ఎంత కదులుతాయో మీకే తెలుస్తుంది.

లక్నవరం పోతామన్నారు, మేడారం జాతరకూ తీసుకెళ్దామనుకుంటున్నారు. జాతరలో తాత్కాలిక పోళ్ల నుంచి, టెంట్ల జనరేటర్ల నుంచి కరెంటు ఇచ్చేవాళ్లుంటారు. ప్లగ్గు పెట్టే ముందు మీటర్‌తో వోల్టేజీ చూడకుండా పెట్టొద్దు. త్రీఫేజ్ లైన్‌లో న్యూట్రల్ ఊడితే ఒక ఫేజ్‌లో 300 పైకి పోవచ్చు, అప్పుడు ఏసీ బోర్డు, ఫ్రిజ్, ఇన్వర్టర్ ఒక్క నిమిషంలో పోతాయి. 200కు 250కు మధ్య ఉంటేనే పెట్టండి. పొలాల దగ్గర ఆపితే మోటారు స్టార్టర్ డబ్బాలోంచి వైరు కొక్కేలు వేసి ఇస్తామంటారు, ప్రేమతోనే అంటారు, వద్దనండి. ఆ రాత్రికి ఇన్వర్టర్ మీద ఫ్యాన్ వేసుకుని పడుకోండి.

పరకాల సాకెట్‌కు ఎర్త్ ఉందో లేదో చూడటానికి 100 వాట్ల పాత బల్బు హోల్డర్‌కు రెండు వైర్లు తగిలించి, ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య పెట్టిస్తే చాలు. ఫేజ్‌కూ న్యూట్రల్‌కూ మధ్య ఎంత వెలిగిందో అంతే వెలగాలి. మసగ్గా వెలిగినా, వెలగకపోయినా ఎర్త్ లేనట్టే. ఈ పరీక్షప్పుడు ఇంట్లో ఎవరూ ఫ్రిజ్, గ్రైండర్ ముట్టుకోకుండా చూడాలి, ఎందుకంటే ఎర్త్ బాగా లేకపోతే వాటి బాడీల మీదికి ఆ కాసేపు కరెంటు వస్తుంది. మీరు సొంతంగా చేయొద్దు, లైసెన్సు ఉన్న మనిషిని పిలవండి. ఆయన టెస్టర్ ఒక్కటే పట్టుకుని వస్తే మీటర్ ఉందా అని మర్యాదగా అడగండి. ఎర్త్ లేదని తేలితే కొత్త గుంత తీయించి ఎర్తింగ్ వేయించండి, నీళ్ల పైపుకు కట్టిస్తే ఒప్పుకోకండి. ఇప్పుడు పైపులన్నీ ప్లాస్టిక్‌వే.

ప్లగ్ టాప్ విప్పాక నల్లబడింది ఫేజ్ పిన్నా, న్యూట్రల్ పిన్నా, లోపల రాగి ఏ రంగులో ఉంది, ఎక్స్‌టెన్షన్ వైరు మీద ఏం అచ్చేసి ఉంది, అపార్ట్‌మెంట్‌లో పడింది బటన్ ఉన్నదా లేనిదా, ఈ నాలుగూ చూసి రాయండి. ఫోటో తీసేటట్టయితే పిన్నులవైపు నుంచి తీయండి, వైరు వైపు నుంచి కాదు.